మొదటి వీడియో గేమ్: జంప్ లెక్క నుంచి తెలుగు ఒత్తుల దాకా

గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుందామనుకునే వాళ్లు మొదట అడిగేది ఇదే: గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్ (ఇంజన్) ఏది వాడాలి, యూనిటీనా, అన్‌రియలా, గోడోనా? ఈ ఒక్క ప్రశ్న మీదే వారాలు గడిచిపోతాయి. మొదటి రెండు మూడు గేమ్‌ల వరకూ ఇంజన్ ఏదైనా పెద్ద తేడా రాదు. ఏ ఇంజన్‌లోనైనా కాలాన్ని చిన్న ముక్కలుగా కోసే లెక్క వేస్తారు. ఏ ఇంజన్‌లోనైనా కనిపించే బొమ్మ వేరు, తగిలే పెట్టె వేరు. మీ కంప్యూటర్లో బాగా ఆడిన గేమ్ పక్కవాళ్ల ఫోన్లో తెరుచుకోకపోవడం కూడా అన్నిట్లోనూ ఉన్నదే. కొత్తవాళ్లు ఇరుక్కునేది ఇలాంటి చోట్ల. ఒక చిన్న గేమ్‌ను మొదలుపెట్టి, ఇంకొకరి చేతికి ఇచ్చేదాకా పూర్తి చేస్తే తప్ప ఇవి బోధపడవు. సగం కట్టి వదిలేసిన పది ప్రాజెక్టులు కలిపినా ఆ చదువు రాదు.

ఇంజన్ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఫోన్ గేమ్‌ల కంపెనీలో ఉద్యోగం మీ లక్ష్యమైతే యూనిటీ, దానిలో వాడే ప్రోగ్రామింగ్ భాష సీ షార్ప్ నేర్చుకోవాలి. సినిమా స్థాయి త్రీడీ కావాలంటే అన్‌రియల్ ఉంది, కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. గేమ్ మొత్తం రాబడి 10 లక్షల డాలర్లు దాటాక అన్‌రియల్ 5 శాతం రాయల్టీ అడుగుతుంది. ఏమీ తెలియకుండా మొదలుపెట్టే వాళ్లకు మా సలహా గోడో. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మన్జూర్ తయారుచేసిన ఈ ఇంజన్ 2014లో ఓపెన్ సోర్స్ అయింది. లైసెన్స్ ఎంఐటీ, అంటే ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కాబట్టి రాయల్టీ లేదు, తర్వాత నిబంధనలు మారుతాయన్న భయం లేదు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు: 2023 సెప్టెంబరులో యూనిటీ ఒక్కో ఇన్‌స్టాల్‌కు రుసుము వసూలు చేస్తామని ప్రకటించి, పెద్ద వ్యతిరేకత వచ్చాక, ఏడాది తర్వాత పూర్తిగా వెనక్కి తీసుకుంది. గోడోకు ఇన్‌స్టలేషన్ కూడా అక్కర్లేదు. జిప్ విప్పి నడపడమే. పాత ల్యాప్‌టాప్ అయితే కొత్త ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర ‘కంపాటిబిలిటీ’ ఎంచుకోండి. మిగతా రెండూ వల్కన్ తరహా కొత్త గ్రాఫిక్స్ వ్యవస్థలను ఆశిస్తాయి, పాత చిప్‌ల మీద సరిగ్గా నడవకపోవచ్చు.

ఏ గేమ్ చెయ్యాలి? ఒకే తెర. ఒక మనిషి నడవాలి, దూకాలి. ఐదు నాణేలు, ఒక ముళ్ల వరస, ఒక తలుపు. నాణేలన్నీ ఏరాక తలుపు తెరుచుకోవాలి. ఇంతే. చాలా చిన్నదనిపిస్తే ఒక చరిత్ర గుర్తుచేసుకోవాలి. 1972లో అటారీ విడుదల చేసిన పాంగ్, కొత్తగా చేరిన ఇంజనీరు అలన్ ఆల్కార్న్‌కు చెయ్యి తిరగడం కోసం నోలన్ బుష్‌నెల్ ఇచ్చిన అభ్యాసం. రెండు గీతలు, ఒక చుక్క. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ మాత్రం మొదటి గేమ్‌గా వద్దు. అందులో రెండు కంప్యూటర్లు రెండు వేర్వేరు క్షణాల్లో ఉంటాయి, మధ్యలో సమాచారం ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాను కప్పిపుచ్చే పనే పూర్తి స్థాయి చదువు.

కాలం ఎలా కొలుస్తారు

గేమ్ అంటే ఆగకుండా తిరిగే ఒక చక్రం. ఆటగాడు ఏం నొక్కాడో చూడటం, ఎవరు ఎక్కడికి కదిలారో లెక్కవేయడం, తెర మీద గీయడం, మళ్లీ మొదటికి. ఈ చక్రం సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుందన్నది కంప్యూటర్ని బట్టి మారుతుంది. మొదటి పెద్ద పొరపాటు ఇక్కడే పుడుతుంది.

మనిషిని ఫ్రేమ్‌కు (తెర మీద గీసే ఒక్కో చిత్రానికి) 5 పిక్సెళ్లు జరపమని రాశారనుకోండి. 60 హెర్ట్జ్ తెర మీద సెకనుకు 300 పిక్సెళ్లు, చక్కగా ఉంటుంది. అదే గేమ్ 144 హెర్ట్జ్ మానిటర్ మీద 720 పిక్సెళ్ల వేగంతో పరుగెడుతుంది. డొక్కు ల్యాప్‌టాప్ 30 ఫ్రేమ్‌లే ఇస్తే 150కి పడిపోతుంది. అందుకే వేగాన్ని ఎప్పుడూ సెకనుకు ఇంత అని రాసి, గడిచిన సమయంతో గుణించాలి. ఆ గడిచిన సమయాన్ని ఇంజన్ ‘డెల్టా’ అన్న పేరుతో ప్రతి చక్రంలోనూ అందిస్తుంది. 60 ఫ్రేమ్‌ల దగ్గర దాని విలువ సుమారు 0.0167 సెకను.

గోడోలో రెండు రకాల చక్రాలున్నాయి. ‘ప్రాసెస్’ తెరతో పాటు తిరుగుతుంది. ‘ఫిజిక్స్ ప్రాసెస్’ తెర ఎలాంటిదైనా సెకనుకు 60 సార్లు తిరిగేలా సెట్ చేసి ఉంటుంది. కదలిక, దూకడం, తగలడం రెండోదానిలో రాయాలి. మెరుపులు, స్కోరు అంకెలు లాంటి కంటికి మాత్రమే సంబంధించినవి మొదటిదానిలో ఉన్నా ఫరవాలేదు.

డెల్టా గురించి నేర్చుకున్న వెంటనే చాలామంది దాన్ని అన్నిచోట్లా గుణించేస్తారు. అప్పుడు మనిషి కదలడం మానేస్తాడు. కారణం ఇదీ: గోడో 4లో మనిషిని కదిపే ‘మూవ్ అండ్ స్లైడ్’ ఫంక్షన్ లోపల డెల్టాతో తానే గుణించుకుంటుంది. మీరు కూడా గుణిస్తే 300 వేగం కాస్తా సెకనుకు 5 పిక్సెళ్లవుతుంది. అయితే గురుత్వాకర్షణను వేగానికి కలిపేటప్పుడు మాత్రం మీరే గుణించాలి. వేగం స్థానాన్ని మారుస్తుంది, ఆ పని ఫంక్షన్‌ది. గురుత్వం వేగాన్ని మారుస్తుంది, ఆ పని మీది. ఈ ఒక్క తేడా పట్టుబడితే కదలికలో వచ్చే తప్పుల్లో చాలావరకు వాటంతటవే పోతాయి.

జంప్ ముందు, లెవెల్ తర్వాత

గోడో ఇచ్చే నమూనా స్క్రిప్టులో నడక వేగం 300, జంప్ వేగం మైనస్ 400 ఉంటాయి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో గురుత్వం 980 ఉంటుంది. మైనస్ ఎందుకంటే టూడీ తెర మీద కింది వైపు పోయేకొద్దీ అంకె పెరుగుతుంది, పైకి వెళ్లాలంటే తగ్గాలి. కొత్తవాళ్లు ఈ అంకెల్ని అటూ ఇటూ మారుస్తూ, ఆడి చూస్తూ గంటలు గడుపుతారు. స్కూల్లో చదివిన సూత్రం వాడితే ఐదు నిమిషాల పని. ఎత్తు అంటే వేగం వర్గాన్ని గురుత్వానికి రెట్టింపుతో భాగించడం. 400 వర్గం 1,60,000. దాన్ని 1960తో భాగిస్తే దాదాపు 82 పిక్సెళ్లు.

దీన్ని తిరగేసి వాడటం ఇంకా మంచిది. ఎంత ఎత్తుకు ఎగరాలి, కొసకు చేరడానికి ఎంతసేపు పట్టాలి, ఈ రెండూ ముందు నిర్ణయించండి. గురుత్వం = ఎత్తుకు రెట్టింపు ÷ సమయం వర్గం. జంప్ వేగం = ఎత్తుకు రెట్టింపు ÷ సమయం. మన టైల్ (లెవెల్ కట్టే చదరపు ముక్క) 32 పిక్సెళ్లనుకుందాం. మూడు టైల్స్ ఎత్తు అంటే 96, సమయం 0.4 సెకను. గురుత్వం 1200, జంప్ వేగం 480 వస్తాయి. పైకి 0.4, కిందకి 0.4, మొత్తం 0.8 సెకను గాల్లో ఉంటాడు. 300 వేగంతో పరుగెడుతూ దూకితే 240 పిక్సెళ్లు, అంటే ఏడున్నర టైల్స్ దాటతాడు.

ఆడి చూస్తే మనిషి 96 కాదు, 100 పిక్సెళ్లు లేస్తాడు. లెక్క తప్పలేదు. సూత్రం కాలాన్ని నిరంతరంగా చూస్తుంది, ఇంజన్ మాత్రం సెకనులో అరవయ్యో వంతు చొప్పున మెట్లుగా చూస్తుంది. ఒక్కో మెట్టుకు (దీన్ని టిక్ అంటారు) వేగం 20 తగ్గుతూ 480, 460, 440 అలా సున్నాకి చేరేలోపు మొత్తం 6000, దాన్ని 60తో భాగిస్తే 100. ఈ తేడా చిన్నదే గానీ, మూడు టైల్స్ గట్టు ఎక్కాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడి ఉండొచ్చు. కాబట్టి గట్టు ఎత్తుకూ జంప్ ఎత్తుకూ మధ్య నాలుగైదు పిక్సెళ్ల వెసులుబాటు ఎప్పుడూ వదలండి.

ఇంతవరకూ చేసిన జంప్ సరైనదే, కానీ చేతికి మెత్తగా, తేలిపోతున్నట్టుగా ఉంటుంది. చాలా గేమ్‌లలో కిందకి పడేటప్పుడు గురుత్వాన్ని ఒకటిన్నర నుంచి రెండింతలు చేస్తారు. రెండింతలు చేస్తే పడే సమయం 0.4 నుంచి 0.28 సెకనుకు తగ్గుతుంది. మొత్తం దూరం 240 నుంచి సుమారు 205 పిక్సెళ్లకు పడిపోతుంది. అంతకుముందు సులువుగా దాటిన ఏడు టైల్స్ గుంత ఇప్పుడు అంచు చివరి పిక్సెల్ దాకా వచ్చి దూకితే తప్ప దాటలేనిదవుతుంది. అందుకే జంప్ అంకెలు ఖరారయ్యాకే లెవెల్ కట్టాలి. పది లెవెల్స్ కట్టేశాక జంప్ మార్చడమంటే పదింటినీ మళ్లీ కట్టడమే. మొదటి గేమ్‌లు మధ్యలో ఆగిపోవడానికి ఇది చాలా పెద్ద కారణం, దీని గురించి పాఠాల్లో చెప్పేది తక్కువ.

ఇంకో రెండు చిన్న దయలు ఆటగాడికి చూపించాలి. గట్టు అంచు దాటిన తర్వాత కూడా దాదాపు 0.1 సెకను పాటు జంప్ అనుమతించడం ఒకటి, దీన్ని కయోటీ టైమ్ అంటారు. నేల తాకడానికి 0.1 సెకను ముందే జంప్ నొక్కినా, దాన్ని గుర్తుపెట్టుకుని తాకగానే ఎగరనివ్వడం రెండోది, ఇది జంప్ బఫర్. 300 వేగంతో పరుగెత్తే మనిషికి అంచు మీద ఒక టిక్ అంటే 5 పిక్సెళ్లు. సెకనులో అరవయ్యో వంతుకు సరిగ్గా వేలు నొక్కడం ఎవరి తరమూ కాదు. ఈ రెండూ లేకపోతే ఆటగాడు ‘నేను నొక్కాను, గేమ్ వినలేదు’ అంటాడు, ఆ మాట న్యాయమైనదే. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కష్టమైన గేమ్, అయినా ఆడేవాళ్లు దాని మీద నమ్మకం పోగొట్టుకోకపోవడానికి ఇలాంటి సర్దుబాట్లే కారణం. చెయ్యడం తేలిక: ఒక్కోదానికి ఒక టైమర్ వేరియబుల్, నేల మీద ఉన్నప్పుడు లేదా బటన్ నొక్కినప్పుడు 0.1కి నింపి, ప్రతి టిక్‌లో డెల్టా చొప్పున తగ్గించడం. జంప్ అయిన వెంటనే రెండింటినీ సున్నా చెయ్యడం మరిచిపోతే గాల్లో రెండోసారి ఎగురుతాడు.

తగిలేది బొమ్మ కాదు

తెర మీది బొమ్మకు తగలడం తెలియదు. దాని వెనకున్న కొలిజన్ షేప్ అనే కనిపించని పెట్టెకే తెలుస్తుంది. మనిషికి ‘క్యారెక్టర్‌బాడీ’, నాణేనికీ ముళ్లకూ ‘ఏరియా’, నేలకు టైల్‌మ్యాప్‌లేయర్ (పాత వెర్షన్లలో టైల్‌మ్యాప్) వాడండి. డీబగ్ మెనూలో ‘విజిబుల్ కొలిజన్ షేప్స్’ పెట్టుకుంటే ఆడుతున్నప్పుడే పెట్టెలన్నీ కనిపిస్తాయి. మొదటి నెలంతా అది పెట్టుకునే పనిచెయ్యండి.

ముళ్ల పెట్టె బొమ్మ కంటే చిన్నదిగా, నాణెం పెట్టె బొమ్మ కంటే పెద్దదిగా ఉండాలి. నష్టం దగ్గర కనికరం, లాభం దగ్గర ఔదార్యం. పెట్టె సైజు మార్చేటప్పుడు ‘స్కేల్’ లాగకండి, షేప్ లోపలి సైజు మార్చండి. స్కేల్ ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ అయితే గోడో తగలడాన్ని తప్పుగా లెక్కిస్తుంది.

‘నాణెం మీదుగా నడిచినా ఏమీ కావట్లేదు’ అన్న సమస్యకు కారణం దాదాపు ఎప్పుడూ లేయర్, మాస్క్ దగ్గరే. లేయర్ అంటే నేను ఏ గుంపులో ఉన్నాను, మాస్క్ అంటే నేను ఏ గుంపును గమనిస్తున్నాను. మనిషి రెండో లేయర్‌లో ఉండి, నాణెం మాస్క్ ఒకటో లేయర్‌నే చూస్తుంటే రెండూ ఒకదాని మీదుగా ఒకటి పోతాయి, ఎర్రర్ కూడా రాదు. మొదటి రోజే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో లేయర్లకు పేర్లు పెట్టుకోండి.

తలుపు తాకగానే సీన్ మార్చితే ఒక ఎర్రర్ రావచ్చు. తగలడాల లెక్క నడుస్తుండగానే ఆ వస్తువుల్ని తీసెయ్యబోతున్నారని దాని అర్థం. సీన్ మార్పును ‘కాల్ డిఫర్డ్’ ద్వారా పిలిస్తే ఆ లెక్క ముగిశాక జరుగుతుంది. ఇక సెకనుకు 3000 పిక్సెళ్లు వెళ్లే తూటా ఒక్క టిక్‌లో 50 పిక్సెళ్లు దూకుతుంది. గోడ మందం 10 పిక్సెళ్లయితే చాలాసార్లు అది గోడలో ఉండనే ఉండదు, ముందు ఇటు, తర్వాత అటు. దాని స్థానాన్ని నేరుగా మార్చకుండా, దారి మొత్తం తడిమే ‘మూవ్ అండ్ కొలైడ్’ గానీ ముందున్న దారిలో గీత గీసి ఏం తగులుతుందో చూసే రేకాస్ట్ గానీ వాడాలి.

బొమ్మల కోసం మొదట్లో కష్టపడకండి. కెన్నీ సైటులో సీసీ జీరో లైసెన్సు బొమ్మలు వేలల్లో ఉన్నాయి, పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. పిక్సెల్ బొమ్మలు మసకగా కనిపిస్తే టెక్స్చర్ ఫిల్టర్‌ను ‘లీనియర్’ నుంచి ‘నియరెస్ట్’కు మార్చండి. తెర సైజు 640 × 360 పెట్టుకుంటే 1280 × 720కి రెండింతలు, 1920 × 1080కి మూడింతలు సరిగ్గా సరిపోతుంది. మన దగ్గర ఇంకా చాలా ల్యాప్‌టాప్‌లు 1366 × 768 తెరవే. వాటిలో రెండింతలకు కొంచెం పైన వచ్చి కొన్ని పిక్సెళ్లు లావుగా కొన్ని సన్నగా కనిపిస్తాయి, స్ట్రెచ్‌లో ‘ఇంటీజర్’ స్కేల్ మోడ్ పెడితే చుట్టూ నల్ల అంచుతో బొమ్మ శుభ్రంగా ఉంటుంది.

గేమ్‌లో తెలుగు

తెలుగులో గేమ్ చేసేవాళ్లకు ఏ ఇంగ్లిష్ పాఠంలోనూ దొరకని సమస్య ఇది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని ఒత్తులుగా, గుణింతంగా కూర్చే పనిని షేపింగ్ అంటారు. గోడో 4 ఈ పనికి హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతుంది కాబట్టి తెలుగు సరిగ్గా కూడుతుంది. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఈ షేపింగ్ చెయ్యదు, ఒత్తులు విడిపోయి పొల్లులతో పక్కపక్కన పడతాయి. తెలుగు కథ చెప్పే గేమ్ మీ ఉద్దేశమైతే ఇంజన్ ఎంపికలో ఇది నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సిన తేడా.

గోడోలో కూడా ఒక ఉచ్చు ఉంది. గోడోతో వచ్చే ఫాంటులో తెలుగు లేదు. అయినా మీ కంప్యూటర్లో తెలుగు కనిపిస్తుంది, ఎందుకంటే అది విండోస్‌లోని తెలుగు ఫాంటును అరువు తెచ్చుకుంటుంది. బ్రౌజర్ ఎక్స్‌పోర్ట్‌లో (బ్రౌజర్లో ఆడేలా బయటికి తీసిన గేమ్‌లో) ఆ అరువు కుదరదు, అన్నీ ఖాళీ పెట్టెలే. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంటు ఫైలును ప్రాజెక్టులోనే పెట్టి, థీమ్‌లో డీఫాల్ట్‌గా ఎంచుకోండి. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కొలతతో చేసిన బటన్లలో తలా తోకా తెగుతాయి, ఎత్తు ఎక్కువ ఇవ్వాలి. స్ట్రెచ్ మోడ్ ‘వ్యూపోర్ట్’ అయితే అక్షరాలు కూడా 640 × 360లోనే గీసి సాగదీస్తారు, ఒత్తులు చదవలేం. ‘క్యాన్వాస్ ఐటెమ్స్’ పెడితే అక్షరాలు అసలు తెర స్పష్టతలో వస్తాయి.

సంభాషణలు ఒక్కో అక్షరం టైపవుతున్నట్టు చూపించాలంటే లేబుల్‌లో ‘విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్’ను ‘ఆఫ్టర్ షేపింగ్’కు మార్చండి. డీఫాల్ట్‌గా వదిలేస్తే ‘స్త్రీ’ కోసం స, స్, స్త, స్త్, స్త్ర అని ఐదు రూపాలు మెరిసి మాయమవుతాయి. పదాల ఆట చేస్తుంటే, స్ట్రింగ్ పొడవు అడిగితే ‘స్త్రీ’కి 6 అని జవాబొస్తుంది. పొల్లును, దాని తర్వాతి హల్లును, గుణింతపు గుర్తును, సున్నాను ముందున్న అక్షరంతో కలిపి ఒక గడిగా లెక్కించే చిన్న ఫంక్షన్ మీరే రాసుకోవాలి.

మీ కంప్యూటర్ దాటాక

ఎక్స్‌పోర్ట్ చివర్లో చేసే పని కాదు. మనిషి నడవడం మొదలైన రోజే ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి వేరే మెషీన్లో తెరవండి. విండోస్‌కు తీస్తే ఈఎక్స్ఈ ఫైలుతో పాటు పీసీకే ఫైలు వస్తుంది, బొమ్మలూ కోడూ అందులోనే ఉంటాయి. మొదటిదొక్కటే స్నేహితుడికి పంపితే ఏదీ తెరుచుకోదు. విండోస్ ఫైలు పేర్లలో పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా పట్టించుకోదు, ఎక్స్‌పోర్ట్ అయిన గేమ్ పట్టించుకుంటుంది. కోడ్‌లో చిన్నబడిలో రాసి, ఫైలు పేరు పెద్దబడితో మొదలైతే మీ దగ్గర నడుస్తుంది, ఇంకెక్కడా నడవదు. అన్ని పేర్లూ చిన్నబడిలో, ఖాళీల బదులు అండర్‌స్కోర్‌తో పెట్టే అలవాటు చేసుకోండి. ప్రాజెక్టును గిట్‌లో (మార్పుల చరిత్ర దాచిపెట్టే సాధనంలో) ఉంచండి, దాచిన ‘.గోడో’ ఫోల్డర్‌ను మాత్రం మినహాయించండి, అది మళ్లీ తయారవుతుంది.

మొదటి గేమ్‌కు సరైన చోటు ఇచ్.ఐఓ అనే గేమ్‌ల సైటు. వెబ్ ఎక్స్‌పోర్ట్ ఫైలుకు ఇండెక్స్ అని పేరు పెట్టి, ఫోల్డర్‌లోని వాటన్నిటినీ జిప్ చేసి ఎక్కిస్తే బ్రౌజర్లోనే ఆడొచ్చు, ఖర్చు లేదు. ఆ ఇండెక్స్ ఫైలును మీ డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోదు, దానికి సర్వర్ కావాలి, కంగారుపడకండి. ఆటగాడు ఒకసారి క్లిక్ చేసేదాకా బ్రౌజర్ శబ్దాన్ని అనుమతించదు కాబట్టి మొదట ‘ఆడండి’ అనే బటన్ పెట్టండి.

ప్లే స్టోర్‌కు ఒకసారి 25 డాలర్లు. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే విడుదలకు ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి, ఆ పన్నెండు మందిని ముందే వెతికిపెట్టుకోండి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌కు ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు, రాబడి 1000 డాలర్లు దాటితే ఆ 100 తిరిగిస్తారు. మొదటి గేమ్‌కు ఈ రెండూ తొందరే.

దానికి బదులు ముగ్గురితో ఆడించండి. వాళ్ల వెనక నిలబడి, బటన్లేవో కూడా చెప్పకుండా, నోరు మెదపకుండా చూడండి. ఎక్కడ చనిపోయారో, ఎక్కడ ఆగి తెర వైపు చూశారో రాసుకోండి. ఒక్కరు తప్పితే అది వాళ్ల పొరపాటు కావచ్చు. ముగ్గురూ ఒకే గుంతలో పడితే ఆ గుంతను ఒక టైల్ తగ్గించి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, అదే పేజీలో కొత్త ఫైలు ఎక్కించండి.